కపిల ఎద్దులు, బోరు మోటరు

శ్రోతలకు నమస్కారం.

మా జేజినాయన అనంతపురం పల్లెలో కపిల తోలిన, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడిన మనిషి. బావి ఒడ్డు నుంచి కిందికి వాలుగా ఒక బాట ఉండేది. ఎద్దులు ఆ వాలులో దిగుతుంటే గిలక మీదుగా మోకు లాక్కుని, నిండు తోలు బాన పైకి వచ్చేది. జేజినాయన కూడా మోకు మీద కూర్చునే దిగేవాడట. సరదాకేమో అనుకున్నాను చిన్నప్పుడు. కాదు. చదును నేల మీద ఎద్దులు కండబలంతోనే లాగాలి. వాలులో అయితే వాటి బరువు, మనిషి బరువు కూడా పనికి వస్తాయి. వాళ్లు దిగిన ఎత్తు నీళ్లకు చేరుతుంది. తిరిగి వాలు ఎక్కాల్సిందే, నిజమే, కానీ అప్పుడు బాన ఖాళీ. బడి మొహం చూడని రైతులు ఈ కిటుకు పట్టుకున్నారంటే నాకు చెప్పలేనంత గౌరవం.

ఏ వస్తువునైనా పైకి ఎత్తితే, ఎత్తడానికి పెట్టిన శక్తి ఆ ఎత్తులో నిల్వ ఉంటుంది. దీన్నే స్థితిశక్తి అంటారు. ఎన్ని కిలోలు, ఎన్ని మీటర్లు ఎత్తామో గుణించి, మళ్లీ 9.8తో గుణిస్తే ఆ శక్తి జౌళ్లలో లెక్క వస్తుంది; శక్తిని కొలిచే ప్రమాణం పేరే జౌల్. కడప బండను మెట్ల మీదుగా మోసినా, తాడు కట్టి గోడ పక్కన లాగినా, మిద్దె మీదికి చేరాక అందులో పెరిగిన శక్తి ఒక్కటే. దాన్ని పట్టుకుని ఊరికే నిలబడితే చేతులు పీకుతాయి గానీ బండకు కొత్తగా చేరేది ఏమీ లేదు.

ఇప్పుడు మన బోరు సంగతి. నీళ్లు 650 అడుగుల లోతులో, అంటే దాదాపు 200 మీటర్ల కింద ఉన్నాయనుకోండి. వెయ్యి లీటర్లు, అంటే వెయ్యి కిలోల నీళ్లు పైకి తేవాలంటే 19 లక్షల 60 వేల జౌళ్లు కావాలి. కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే అర యూనిట్ పైచిలుకు. పైపుల్లో రాపిడి, మోటరు వేడి కలిపితే యూనిట్ దాకా పోతుంది. నలభై అడుగుల కపిల బావిలో అవే నీళ్లకు ఇందులో పదహారో వంతు శక్తి చాలేది.

పాణ్యం దగ్గర పిన్నాపురం ప్రాజెక్టు ఆలోచన కూడా ఎత్తు మీదే నిలబడింది. ఎండ, గాలి కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. ఇలాంటి ఏర్పాట్లలో పెట్టిన శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు తిరిగి వస్తుంది.

బోరు నీళ్లకు ఆ భాగ్యం లేదు. చేనులో పారి మళ్లీ భూమిలోకి ఇంకేటప్పుడు, వాటి శక్తి మట్టికీ రాళ్లకూ రాసుకుని వేడిగా మారిపోతుంది. మళ్లీ స్విచ్ వేస్తే మొత్తం కొత్తగా పెట్టాల్సిందే. ఊరి చెరువు నిండి నీటిమట్టం 10 మీటర్లు పైకి వచ్చిందంటే, ప్రతి వెయ్యి లీటర్లకూ 98 వేల జౌళ్ల పని మోటరుకు తప్పుతుంది.