నోటు వెనక ఏముంది?

తమ్ముడు: రికార్డింగ్ మొదలైందక్కా. బాకీ వసూలుకి లాయరు నోటీసు ఎలా ఇవ్వాలి, అదే ఈవారం సంగతి.

అక్క: ఎవరు, ఎప్పుడు, ఎంత తీసుకున్నారు, వడ్డీ ఎంత, ఎన్ని రోజుల్లో కట్టాలి. ఇవి రాసి పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. అంతే. ముందు అప్పిచ్చినవాళ్లని ప్రాంసరీ నోటు వెనక్కి తిప్పి చూడమను.

తమ్ముడు: మళ్లీ నోటు వెనకేనా!

అక్క: అక్కడే మునిగిపోతున్నార్రా మనవాళ్లు. ప్రాంసరీ నోటు రాసిన తేదీ నుంచి దావాకి మూడేళ్లే గడువు. నోటీసు ఇచ్చాం కదా అని కూర్చుంటారు. నోటీసు ఇస్తే గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆ మూడేళ్లలోపు వెయ్యి రూపాయలు కట్టినా సరే, వెనక చెల్లు రాయించి వాళ్ల సంతకం తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు.

తమ్ముడు: సరే, చెక్కు బౌన్సయితే?

అక్క: బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 138 సెక్షన్.

తమ్ముడు: మా వీధిలో ఒకాయన పోస్ట్‌మ్యాన్‌ని చూస్తే తలుపేసుకుంటాడు. తీసుకోకపోతే కేసే లేదంటాడు.

అక్క: సరైన అడ్రసుకి పంపితే అందినట్టే లెక్క. అలవి హాజీ కేసులో 2007లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

తమ్ముడు: పనికోసం ఊరు విడిచి పోయినవాడి సంగతేంటి? పాపం, వాడికి తెలియనే తెలియదు. ఇది అన్యాయం కాదా?

అక్క: అందలేదని వాడు రుజువు చేసుకోవచ్చు. పైగా సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు డబ్బు కట్టేస్తే చాలని అదే తీర్పులో ఉంది. ఇచ్చినవాడి గురించి కూడా ఆలోచించు.

తమ్ముడు: ఆలోచిస్తా. కానీ మనవాళ్లకే నోటీసు పంపితే ఇక మాటలుంటాయా? మామయ్యకి అమ్మ పంపగలిగేదా?

అక్క: పంపలేదు కదా. మాటలున్నాయా మరి? గాజులు కుదువపెట్టి ఇచ్చిందిరా. తన తమ్ముణ్ణి సంతకం అడగడమేంటని మొహమాటపడింది. నాలుగో ఏడు వచ్చాక నా దగ్గరికి తెచ్చింది ఆ నోటు.

తమ్ముడు: వెనక ఏమీ లేదు.

అక్క: ఏమీ లేదు. మధ్యలో రెండుసార్లు ఇచ్చాడట. ఒక్కసారి రాయించుకున్నా...

తమ్ముడు: సరేలే అక్కా. నెల్లూరు నుంచి ఒకావిడ నోటు ఫొటో పంపారు, దావా వేయొచ్చా అని.

అక్క: ఒకవైపే ఉంది. రెండోవైపు కూడా పంపమను.