మళ్లీ కరెంటు బిల్లే

మాధవి: ఈ ఎపిసోడ్ టాపిక్, పేద దేశాల్లో సైన్సుకి పెట్టిన ఖర్చు ఆర్థికాభివృద్ధిగా ఎలా తిరిగొస్తుందని. రవన్నా, కరెంటు బిల్లు ఎత్తకుండా మొదలుపెట్టు. ఎత్తితే డబ్బాలో జరిమానా పడాలి.

రవి: ఎత్తను. పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం ఎందుకు పెట్టాడు? లాహోర్‌లో తోటి పరిశోధకులు లేక ఒంటరైపోయాడు కాబట్టి. అసోసియేట్‌గా ఉంటే అప్పుడప్పుడు అక్కడికొచ్చి పనిచేసుకుని, మళ్లీ సొంత దేశానికి వెళ్లిపోవచ్చు.

మాధవి: వెళ్లాక ల్యాబ్‌లో ఏముంటుంది?

రవి: దానంగా వచ్చిన మిషన్! కవరు కూడా తియ్యకుండా.

మాధవి: అయిపోయింది. ఇక ఆగడు.

రవి: మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఇస్తారు, ఫొటోలు దిగుతారు. స్టెబిలైజర్‌కి, జనరేటర్ డీజిల్‌కి మాత్రం గ్రాంటుండదు. కంప్రెసర్ పోతే సర్వీస్ ఇంజినీరు పక్క దేశం నుంచి రావాలి. ఈలోగా శాంపిళ్లన్నీ కరిగిపోతాయి. అందుకే కరెంటు బిల్లు...

మాధవి: పడింది! డబ్బాలో జరిమానా వేసెయ్.

రవి: వేస్తాలే. జోర్డాన్‌లో సెసమి చూడు, చాలా దేశాలు కలిసి నడిపే సింక్రోట్రాన్, అంటే ఎలక్ట్రాన్లని రింగులో తిప్పి పరిశోధనకి కాంతి పుట్టించే పెద్ద మిషన్. బెర్లిన్‌లో ఆపేసిన అలాంటి మిషనే, బెస్సీ, దాని భాగాలు తెచ్చుకుని, మెయిన్ రింగ్ కొత్తగా కట్టుకున్నారు. 2017లో ప్రారంభించారు. ఇరాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా ఒకే కౌన్సిల్‌లో! అంతటిదానికీ పీకల మీదికొచ్చింది బిల్లే. 2019లో సోలార్ ప్లాంటు వచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు.

మాధవి: నేనొప్పుకోను. 2021 నవంబరులో కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్‌ని బయటపెట్టింది బోట్స్వానా, దక్షిణాఫ్రికా ల్యాబులే. వైరస్ జన్యువుల్ని చదివే సీక్వెన్సర్లున్నాయి, పనిచేసేవాళ్లున్నారు. వాళ్లకి దక్కిందేంటి? ట్రావెల్ బ్యాన్! నీ బిల్లు ఎవరో కట్టేస్తే అది ఆగేదా?

రవి: ...ఆగేది కాదు. కానీ అది వేరే విషయం.

మాధవి: వేరే కాదన్నా. విమానాలు ఆగితే టూరిజం పోయింది, రీఏజెంట్లు, అంటే టెస్టులకి కావలసిన రసాయనాలు ఎలా వస్తాయని ల్యాబుల్లో టెన్షన్. నిజం చెప్పినందుకు నష్టపోతే రేపు ఎవడు చెబుతాడు?

రవి: (కాసేపాగి) జీడీపీలో 1 శాతం పరిశోధనకి పెడతామని ఆఫ్రికా దేశాలు ఎప్పుడో అనుకున్నాయి. చాలావరకు దరిదాపుల్లో లేవు. సొంత డబ్బుంటే...

మాధవి: సొంత డబ్బుంటే రీఏజెంట్లు అక్కడే తయారవుతాయా?

రవి: వెంటనే కావు. డ్రై ఐస్‌లో వచ్చిన పెట్టె కస్టమ్స్ గోడౌన్‌లో కూర్చుంటే చాలు, అందులో సరుకు...

మాధవి: అది ఇంకో ఎపిసోడ్.

రవి: రెండు నిమిషాలు.

మాధవి: అవి కూడా లేవన్నా.