మనిషిలో, చింపాంజీలో ఒకే స్నిప్: పూర్వీకుల నుంచి వచ్చిందా, విడివిడిగా పుట్టిందా? వీసీఎఫ్‌తో చూద్దాం

సరే, మొదలుపెడదాం. స్క్రీన్ మీద రెండు వీసీఎఫ్ ఫైళ్లున్నాయి, అంటే డీఎన్‌ఏలో తేడాల జాబితాలు. పైది మనుషులది, 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్‌లోని యోరుబా (నైజీరియా) శాంపిళ్లు. కిందది చింపాంజీలది. ఒకే చోట, అవే రెండు అక్షరాలతో రెండింట్లోనూ ఉన్న స్నిప్‌లు కావాలి మనకి. స్నిప్ అంటే ఒకే జాతిలో ఒక్క డీఎన్‌ఏ అక్షరం తేడా వచ్చే చోటు.

ముందు హెడర్. వీసీఎఫ్‌లతో పనిచేసే టూల్ బీసీఎఫ్‌టూల్స్, అందులో వ్యూ, మైనస్ చిన్న హెచ్. కాంటిగ్ లైన్లలో, అంటే క్రోమోజోమ్ పేర్లున్న చోట, 2ఏ, 2బీ కనిపించాయా? అయితే ఇది చింపాంజీ రిఫరెన్స్, అంటే పొజిషన్లు చింపాంజీ ప్రామాణిక జీనోమ్ మీదివి. మనలో ఆ రెండూ అతుక్కుని రెండో క్రోమోజోమ్ అయ్యాయి కదా, అదే గుర్తు. అప్పుడు వాటిని మనిషి రిఫరెన్స్ మీదికి మార్చాలి: పికార్డ్ టూల్‌లో లిఫ్ట్‌ఓవర్ వీసీఎఫ్, ఇదిగో ఇలా. రికవర్ స్వాప్‌డ్ రెఫ్ ఆల్ట్ ఆన్‌లో పెట్టండి. రెఫ్ అంటే రిఫరెన్స్‌లో ఉన్న అక్షరం, ఆల్ట్ అంటే రెండోది. పొజిషన్లు మాత్రమే ఉన్న వట్టి బెడ్ ఫైల్ లిఫ్ట్ చేస్తే పొజిషన్ మారుతుంది, అక్షరాలు మారవు. ఉల్టా స్ట్రాండ్ (డీఎన్‌ఏ రెండో పోగు) మీద పడ్డవన్నీ తప్పే. బీసీఎఫ్‌టూల్స్ నార్మ్ మైనస్ సీ ఎస్‌తో సర్దేద్దాం అనుకోకండి, అది రెఫ్, ఆల్ట్ తారుమారు చేస్తుందే గానీ స్ట్రాండ్ సరిచేయదు. మాన్యువల్‌లోనే గట్టిగా హెచ్చరించారు.

తర్వాత వ్యూలో మైనస్ వీ స్నిప్స్, చిన్న ఎమ్ 2, పెద్ద ఎమ్ 2: రెండే అక్షరాలున్న స్నిప్‌లు మిగులుతాయి. ఐసెక్, ఎన్ ఈక్వల్స్ 2: రెండు ఫైళ్లలోనూ ఉన్నవి వస్తాయి. అయిపోయింది.

ఇదిగో, కుప్పలు తెప్పలుగా వచ్చాయి. సంబరపడకండి, చాలావరకు ఉత్తవే. లెక్క చూడండి. ఎన్ఈ, అంటే లెక్కలో వాడే జనాభా, 10,000 అనుకుంటే, మామూలు స్నిప్ నిలిచే కాలానికి కొలత 4ఎన్ఈ, అంటే 40,000 తరాలు. తరానికి 25 ఏళ్లు వేసినా 10 లక్షల ఏళ్లు. మన దారి, చింపాంజీ దారి విడిపోయి 60 లక్షల ఏళ్ల పైమాటే. సెలెక్షన్ (ప్రకృతి వరణం) కాపాడకపోతే మామూలు స్నిప్ అన్నాళ్లు నిలవడం చాలా అరుదు.

మరి ఇవన్నీ ఎక్కడివి? సీపీజీ. ఇక్కడ ఆగుదాం, అందరూ బోల్తా పడేది ఇక్కడే. సీ పక్కన జీ ఉండి, ఆ సీకి మిథైల్ తగిలిందంటే అది టీగా మారడం మిగతా చోట్ల కంటే పది రెట్లకు పైనే. అందుకే రెండు జాతుల్లో విడివిడిగా అదే మార్పు పుడుతుంది. ఫిల్టర్ పెడతాం, బానే ఉంది. కానీ రిఫరెన్స్ అక్షరం ఒక్కటే చూసి పెడతాం. ఈ లైన్ చూడండి: రెఫ్ టీ, పక్కన జీ. సీపీజీ కాదనిపిస్తుంది. ఆల్ట్ ఏంటి? సీ! అంటే సీపీజీయే. అవతలి స్ట్రాండ్‌లో అయితే సీ పక్కన ఏ, ఆల్ట్ జీ. కాబట్టి రెఫ్ పెట్టి ఒకసారి, ఆల్ట్ పెట్టి ఒకసారి, రెండు జాతుల రిఫరెన్స్‌లలోనూ చూడాలి. నాలుగింట్లో ఎక్కడ సీపీజీ వచ్చినా తీసేయండి.

ఇంకోటి, డూప్లికేట్ జీన్లు. రెండు కాపీల రీడ్లు (సీక్వెన్సర్ చదివిన ముక్కలు) ఒకేచోట పడితే శాంపిళ్లన్నీ హెట్‌గా, అంటే రెండు అక్షరాలూ ఉన్నట్టుగా కనిపిస్తాయి. హెట్ మరీ ఎక్కువున్న సైట్లు తీసేయండి. నాలుగో క్రోమోజోమ్ మీద ఎఫ్‌ఆర్‌ఈఎమ్3, జీవైపీఈ జీన్ల మధ్య ప్రాంతం 2013లో సైన్స్ పేపర్లో వచ్చిన పేరున్న కేండిడేట్, పూర్వీకుల నుంచి వచ్చిందనడానికి. పక్కనే గ్లైకోఫోరిన్ ఏ, బీ, ఈ (ఇదే జీవైపీఈ) జీన్లు ఒకదానికొకటి నకళ్లలా ఉంటాయి. మలేరియా పరాన్నజీవి పట్టుకునేది ఈ కుటుంబం ప్రొటీన్లనే. అక్కడ మరీ జాగ్రత్త.

ఇప్పుడు జంటలు. ఒక్క స్నిప్‌ని నమ్మొద్దు, 4 కిలోబేస్‌ల (4,000 అక్షరాల) లోపు రెండు కావాలి. ప్లింక్ 1.9 టూల్‌లో డబుల్ మైనస్ ఎల్‌డీ, రెండు స్నిప్‌ల ఐడీలు. ఐడీ ఖాళీగా ఉంటే బీసీఎఫ్‌టూల్స్ యానోటేట్‌లో సెట్ ఐడీ. నాకైతే క్రోమోజోమ్, కోలన్, పొజిషన్ బెస్ట్, ఆర్‌ఎస్ నంబర్లతో (స్నిప్ డేటాబేస్ ఇచ్చే ఐడీలు) తలనొప్పి. ఇన్ ఫేజ్ అల్లీల్స్ అని వస్తుంది చూశారా, అంటే ఏ అక్షరంతో ఏ అక్షరం కలిసి వస్తుందో, అది రెండు జాతుల్లోనూ ఒకటే ఉండాలి. ఉల్టా వస్తే ఆ జంట వదిలేయండి.

చివరిగా ట్రీ, స్నిప్ చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ముక్కల వంశవృక్షం. జాతివారీగా కాదు, అక్షరం వారీగా కొమ్మలు విడిపోవాలి. కిటికీ, అంటే ట్రీకి తీసుకునే ముక్క పొడవు, 4 కిలోబేస్‌లు పెట్టారనుకోండి, ఇదిగో, మనుషులు ఒకవైపు, చింపాంజీలు ఒకవైపు. తప్పు డేటాది కాదు. ఇన్నేళ్లలో రీకాంబినేషన్ (జంట క్రోమోజోమ్‌ల మధ్య ముక్కల మార్పిడి) అటూ ఇటూ కొరికేసి, పాత ముక్క కొన్ని వందల బేస్‌లే మిగులుతుంది. కిటికీ 500కి తగ్గించి మళ్లీ రన్ చేయండి.