డ్రిల్ ఆగిపోతే ముందు స్విచ్ చూడండి

అందరికీ నమస్కారం. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతున్న మీతో చేతి డ్రిల్ మెషిన్ రిపేరు గురించి మాట్లాడమన్నారు. మెషిన్ మొత్తం జోలికి పోను, స్విచ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

డ్రిల్ తిరగట్లేదనగానే చాలామంది ‘ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం) పోయింది’ అనేస్తారు. ఆర్మేచర్ కాలితే వార్నిష్ మాడిన వాసన దాగదు. వాసన లేదు, పొగ లేదు, నిన్నటిదాకా బాగానే తిరిగింది అంటే, కరెంటు దారి ఎక్కడో తెగిందని అనుమానించాలి.

డ్రిల్‌లో ఉండేది యూనివర్సల్ మోటార్, అంటే ఏసీతోనూ డీసీతోనూ తిరిగేది. ప్లగ్, కేబుల్, స్విచ్, ఫీల్డ్ కాయిల్ (మోటారులో కదలకుండా ఉండే తీగచుట్ట), కార్బన్లు (తిరిగే ఆర్మేచర్‌కు ఆని కరెంటు అందించే ముక్కలు), ఆర్మేచర్ అన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా ఉంటాయి. ఒక్కచోట తెగినా మెషిన్ ఉలకదు, పలకదు. కేబుల్ మామూలుగా పిడిలోకి దూరే చోట, మడత పడీ పడీ తెగుతుంది. ప్లగ్ తీసేసి మీటరుతో కేబుల్ లోపలి రెండు వైర్లూ (కోర్లు) తెగాయేమో చూడండి. కార్బన్లు చాలా మెషిన్లలో 5, 6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలి, అదీ రెండూ ఒకేసారి.

ఇక స్విచ్. గోడలకు రంధ్రాలు వేసే డ్రిల్‌కు ఇదే బలహీనమైన చోటు. సిమెంటు దుమ్ము ట్రిగ్గర్ సందుల్లోంచి లోపలికి చేరుతుంది, కాంటాక్టులు సరిగా ఆనవు, నిప్పురవ్వలు లేచి కాలిపోతాయి. స్పీడు మారే స్విచ్‌లో కాంటాక్టులతో పాటు ట్రయాక్, అంటే మోటారుకు వెళ్లే కరెంటును తగ్గించి పెంచే ఎలక్ట్రానిక్ భాగం కూడా ఉంటుంది. అది షార్ట్ అయితే ట్రిగ్గర్ కొంచెం నొక్కినా మెషిన్ ఫుల్ స్పీడులో లేస్తుంది.

ఇక్కడ మీటరు మనల్ని తప్పుదారి పట్టించగలదు. మీటరులోని చిన్న బ్యాటరీతో ట్రయాక్ ఆన్ కాదు. అందుకే ట్రిగ్గర్ సగం నొక్కినప్పుడు మీటరు పలకలేదని స్విచ్‌ను చెత్తబుట్టలో వేయకండి. మెషిన్ పూర్తిగా బిగించి, 100 వాట్ల బల్బుతో సిరీస్ బోర్డు (మెషిన్‌కు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా చేసిన బోర్డు) మీద పెట్టి చూడండి. ట్రిగ్గర్ నొక్కితే బల్బు వెలిగిందంటే దారి ఉన్నట్టే.

కొందరు స్విచ్ విప్పి కాంటాక్టులను ఎమెరీ పేపరుతో గీకుతారు. నాకది నచ్చదు. కాంటాక్టు మీద ఉండేది పలుచని వెండి మిశ్రమం, అది గీకితే పోతుంది, నాలుగు రోజులకు మెషిన్ మళ్లీ మీ బల్ల మీదికే వస్తుంది. స్విచ్ మార్చడమే మేలు. కొనేటప్పుడు ఆంపియర్లు, వోల్టేజీ, ట్రిగ్గర్ ఆకారం పాతదానితో సరిపోవాలి. విప్పే ముందు వైర్ల ఫొటో తీసుకోండి. రివర్స్ లీవర్ ఉన్న డ్రిల్‌లో వైర్లు తారుమారైతే తల పట్టుకోవాల్సి వస్తుంది.

స్విచ్ దొరకలేదని వైర్లు నేరుగా కలిపేసి, డైరెక్టు చేసి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. కరెంటు పోయి వచ్చినప్పుడు, పక్కన పెట్టిన మెషిన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. గ్రైండరైతే ఇంకా ప్రమాదం.

ఇంకొకటి. నేమ్‌ప్లేట్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తుందంటే అది డబుల్ ఇన్సులేషన్ మెషిన్, అంటే షాక్ కొట్టకుండా రెండు పొరల రక్షణ ఉన్నది, ఎర్త్ వైరు ఉండదు. ప్రతి వైరునూ దాని గాడిలోనే కూర్చోబెట్టాలి, బాడీ సగాల మధ్య నలగకూడదు. మూత బిగించాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూడందే ప్లగ్ పెట్టకండి.

బల్ల మీద రెండు డ్రిల్లులున్నాయి, రెండూ తిరగట్లేదు. ఇద్దరిద్దరుగా రండి. ముందు ప్లగ్ తీసి ఉందో లేదో చూసుకుని స్క్రూడ్రైవర్ పట్టుకోండి.