కోత ఎత్తు లివరు చేతిలో ఉండకూడదు
(పొదలకూరు ప్రాంత నిమ్మ రైతులను, ట్రాక్టరు డ్రైవర్లను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

రైతు సోదర సోదరీమణులకు, ట్రాక్టర్లు నడిపే తమ్ముళ్లకు నమస్కారం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు మన నిమ్మ తోటల్లో చెట్ల వరుసల మధ్య గరిక, తుంగ, వయ్యారిభామ చూస్తుండగానే ఏపుగా ఎదుగుతాయి. ఈ కలుపును ప్రతిసారీ దున్నేయడం కంటే కోసి అక్కడే పరచడం మేలని నా గట్టి అభిప్రాయం. నిమ్మకు నీటినీ పోషకాలనూ అందించే పీచు వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి కాబట్టి, నాగలి గానీ రోటవేటరు గానీ చెట్టు దగ్గరగా నడిచినప్పుడల్లా అవి తెగిపోతాయి. అయితే ట్రాక్టరుకు తగిలించిన రోటరీ మోవరుతో, అంటే మీరు స్లాషరు అని పిలిచే యంత్రంతో, కోసిన తోటల్లో కూడా ఒకచోట నేల గొరిగినట్టు బోడిగా, మరొకచోట గడ్డి జానెడు ఎత్తున మిగిలి కనిపిస్తోంది. డ్రైవరు మెడ వెనక్కు తిప్పి, చెయ్యి మోవరును లేపి దించే లిఫ్టు లివరు మీదే ఉంచి, గట్టు వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఆడించడమే దీనికి ముఖ్య కారణం.

ఆ లివరు, అంటే పొజిషన్ కంట్రోల్ లివరు, లోయర్ లింకులను (మోవరును మోసే రెండు కింది చేతులను) ట్రాక్టరుతో పోల్చి ఒక ఎత్తులో నిలుపుతుందే తప్ప, నేలతో పోల్చి కాదు. ముందు చక్రాలు పాదు గట్టు ఎక్కితే వెనుక ఉన్న మోవరు కిందికి వంగుతుంది. అవే చక్రాలు కాలువలోకి దిగితే మోవరు పైకి లేస్తుంది. మనిషి కన్ను దాన్ని చూసి, చెయ్యి లివరును కదిపేలోగా ఆ చోటు దాటిపోతుంది. ఇక లిఫ్టులోని మరో పద్ధతి అయిన డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలి కోసం పుట్టినది. అది పనిముట్టును మట్టి వెనక్కు లాగే బలాన్ని బట్టి పనిచేస్తుంది, మోవరుకు అలాంటి లాగుడు దాదాపు ఉండదు కనుక ఈ పనిలో దాన్ని వాడకూడదు. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుకు డ్రాఫ్ట్ కంట్రోలే ఉండేది, పొజిషన్ కంట్రోల్ 1947లో 8ఎన్‌తో వచ్చింది. పాత ట్రాక్టర్ల మీద మోవరు వాడిన రైతులు లింకులను గొలుసులతో కట్టి ఎత్తు నిలుపుకునేవారు. ఆ గొలుసు పద్ధతి నేటికీ మనకు పనికొస్తుంది.

టాప్ లింకును (మోవరును పైనుంచి ట్రాక్టరుకు కలిపే కడ్డీని) తగిలించే ట్రాక్టరు బ్రాకెట్టు దగ్గర నుంచి రెండు లోయర్ లింకులకూ సమానమైన పొడవుతో గట్టి గొలుసులు తగిలించి, లివరును పూర్తిగా దించితే, మోవరు ముందు భాగం బరువును గొలుసులే మోస్తాయి. సీళ్లు అరిగిన పాత లిఫ్టు మెల్లగా దిగుతూ, మళ్లీ ఉలిక్కిపడి లేస్తూ ఉన్నా, కోత మీద దాని ప్రభావం ఉండదు. గొలుసు పి.టి.ఓ. షాఫ్టుకు (ఇంజను శక్తిని మోవరుకు అందించే తిరిగే కడ్డీకి) ఏ స్థితిలోనూ తగలకుండా చూసుకోవాలి.

వెనుక భాగాన్ని మోయవలసింది మోవరు తోక చక్రం. అది నేలను అనుసరించి లేచి దిగాలంటే టాప్ లింకు బిగుసుకుపోయి ఉండకూడదు. పొడవాటి రంధ్రం ఉన్న కదిలే బ్రాకెట్టు మీ మోవరుకు ఉంటే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే టాప్ లింకును కొంత వదులుగా ఉండేట్టు పొడిగించాలి. బిగించిన టాప్ లింకుతో గట్టు దాటే మోవరు వెనుక చక్రాన్ని గాలిలోకి లేపుతుంది, లేదా దాని మీద బరువంతా మోపి బ్రాకెట్టును వంచుతుంది. పక్కల ఉండే స్కిడ్లు (జారుడు పట్టీలు) నిరంతరం నేల మీద ఈడ్చుకుపోవడానికి కావు, ఎత్తైన చోట బ్లేడు మట్టిని తాకకుండా కాపాడటానికే ఉన్నాయి.

కొలతలు తీసుకునే ముందు సమతలమైన చోట ఇంజను ఆపి, తాళం తీసి, మోవరు కింద మొద్దులు పెట్టండి. బ్లేడును ముందు వెనుకలుగా తిప్పి చూసినప్పుడు ముందు కొన వెనుక కొన కంటే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా దిగువన ఉండాలి. వెనుక దిగువగా ఉంటే కోసిన గడ్డినే మళ్లీ మళ్లీ కోస్తూ ఇంజను బరువెక్కి, డీజిలు వృథా అవుతుంది. ఎడమ కుడి తేడాను లోయర్ లింకును పైనుంచి పట్టి ఉంచే, హ్యాండిలు ఉన్న లిఫ్టు రాడ్డుతో సరిచేయాలి. అయితే దానికి ముందు రెండు వెనుక టైర్లలోనూ గాలి సమానంగా ఉందో లేదో చూడండి.

రాళ్లున్న ఎర్ర చెలక నేలల్లో నాలుగు అంగుళాలు, రాళ్లు లేని చోట మూడు అంగుళాల ఎత్తు చాలు. అంతకంటే కిందికి కోస్తే నేల ఎండకు తెరుచుకుని తేమ పోతుంది, బ్లేడు రాయికి తగులుతుంది. అయిదు అడుగుల వ్యాసంలో నిమిషానికి 800 సార్లు తిరిగే బ్లేడు కొన వేగం గంటకు 225 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంతో ఎగిరిన గులకరాయి మనిషి ప్రాణం తీయగలదు. అందువల్ల ముందూ వెనుకా గార్డు గొలుసులు లేకుండా మోవరును తోటలోకి తీసుకెళ్లవద్దు, కూలీలు పని చేస్తున్న వరుసకు దగ్గరగా నడపవద్దు, పిల్లలను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టవద్దు. డ్రిప్పు లేటరల్ పైపులను చెట్టు మొదలు వైపు జరిపాకే కోత ప్రారంభించండి. గట్టు దాటడానికి మోవరును ఎత్తవలసివస్తే ముందుగా పి.టి.ఓ. ఆపాలి.

మొదటి సాలు పూర్తయ్యాక ట్రాక్టరు ఆపి, దిగి, మిగిలిన గడ్డి మోళ్ల ఎత్తును సాలుకు రెండు పక్కలా, మధ్యలో కర్రతో కొలవండి. పక్కల తేడా ఉంటే లిఫ్టు రాడ్డును, మొత్తంగా ఎక్కువో తక్కువో అయితే గొలుసు కొక్కెం తగిలించే వలయాన్నీ తోక చక్రం ఎత్తునూ కలిపి మార్చాలి. ఆ తరువాతే రెండో సాలులోకి వెళ్లండి.