తీగను సాగదీస్తే నిరోధం ఏమవుతుంది?

నమస్కారం. ఒక రాగి తీగను తెగిపోకుండా సాగదీసి, పొడవు రెండింతలు చేశామనుకోండి. దాని నిరోధం, అంటే విద్యుత్ ప్రవాహానికి అది కలిగించే అడ్డు, ఎంత పెరుగుతుంది? రెండింతలు అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. నిజానికి నాలుగింతలు అవుతుంది!

ఎందుకంటే లోహం ఉన్నంతే ఉంది. పొడవు రెట్టింపయితే తీగ సన్నబడి, మధ్యచ్ఛేద వైశాల్యం (తీగను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం) సగమవుతుంది. తీగలో కదిలే ఎలక్ట్రాన్లు కంపిస్తున్న అయాన్లను (ఎలక్ట్రాన్లు విడిపోయిన లోహ పరమాణువులను) ఢీకొంటూనే ముందుకు సాగాలి. దారి పొడవైతే అడ్డంకులు ఎక్కువ, దారి ఇరుకైతే ఒకేసారి సాగే ఎలక్ట్రాన్లు తక్కువ. ఇక్కడ రెండు దెబ్బలూ ఒకేసారి పడ్డాయి.

ఇక పదార్థం సంగతి. ప్రతి పదార్థానికీ తనదైన విశిష్ట నిరోధం ఉంటుంది, అంటే తీగల పొడవూ మందమూ ఒకటే అయినా పదార్థాన్ని బట్టి నిరోధం మారుతుంది. లోహాల్లో అది వెండికి అతి తక్కువ, ఆ తర్వాత రాగికి. అల్యూమినియానిది రాగికన్నా సుమారు 1.6 రెట్లు ఎక్కువ. మరి పెద్ద విద్యుత్ లైన్లకు అల్యూమినియమే ఎందుకు వాడతారు? దాని సాంద్రత రాగిలో మూడో వంతుకన్నా తక్కువ. తీగను కాస్త లావుగా చేసి నిరోధాన్ని రాగి తీగతో సమానం చేసినా, బరువు దాదాపు సగమే ఉంటుంది. నాకెంతో ఇష్టమైన లెక్క ఇది. హీటర్లలో వాడే నిక్రోమ్‌కైతే విశిష్ట నిరోధం రాగికి 60 రెట్లకు పైనే.

చాలామంది మరిచిపోయేది ఉష్ణోగ్రతను. నిరోధం = విశిష్ట నిరోధం × పొడవు ÷ వైశాల్యం అనే సూత్రంలో అది విడిగా కనిపించదు, విశిష్ట నిరోధంలోనే దాగి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర వెలిగే 60 వాట్ల ఫిలమెంటు బల్బును చూడండి. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం దాదాపు 880 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు! అందుకే స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువ విద్యుత్ ప్రవహిస్తుంది, పాతబడిన ఫిలమెంట్లు తరచుగా అప్పుడే తెగిపోతాయి. వేడెక్కిన లోహంలో అయాన్లు మరింతగా కంపించి ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడటమే నిరోధం పెరగడానికి కారణం. సిలికాన్ వంటి శుద్ధ అర్ధవాహకాల్లో మాత్రం వేడితో స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్యే పెరుగుతుంది కాబట్టి నిరోధం తగ్గుతుంది.

చల్లబరుస్తూ పోతే? 1911లో డచ్ భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్‌ల (దాదాపు −269 డిగ్రీల సెల్సియస్) వరకు చల్లబరిచినప్పుడు దాని నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. అతివాహకత అలా బయటపడింది.

విద్యార్థులకు ఒక మాట. ప్రయోగశాలలో తీగ నిరోధం కొలిచేటప్పుడు రీడింగు తీసుకోగానే సర్క్యూట్‌లోని కీ (స్విచ్‌లా పనిచేసే ప్లగ్) తీసేయండి. విద్యుత్ అలాగే ప్రవహిస్తుంటే తీగ వేడెక్కి, మీరు కొలుస్తున్న విలువే మారిపోతుంది.