చూడటం కూడా పనే

అందరికీ నమస్కారం. చెన్నైలో బొమ్మలు గీసుకుంటూ బతకడం ఎలా ఉంటుందో, ఆ పని చేసేవాళ్లు ఏం చదువుతారో, ఏం చూస్తారో చెప్పమని నన్ను పిలిచారు. నేను రాజకీయ కార్టూనిస్టును కాను. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. ఎవరో రాసిన హాస్యకథకో, యాడ్‌కో, పిల్లల పుస్తకానికో, ఒక్కోసారి పెళ్లి శుభలేఖకో నవ్వొచ్చే బొమ్మ వేసి ఇస్తాను. కార్టూనిస్టు తన జోకు తనే అల్లుకుంటాడు. మా దగ్గరికి మాటలు వేరేవాళ్లవి వస్తాయి. ఆ మాటల్లో లేనిదేదో బొమ్మలో ఉండాలి. లేకపోతే బొమ్మతో పనేముంది?

ఈ విషయంలో నాకు తెలిసిన పెద్ద బడి బుడుగు. ముళ్ళపూడి వెంకటరమణ గారు రాసింది చదివితేనే నవ్వొస్తుంది. బాపు గారు ఆ నవ్వునే మళ్లీ గీయలేదు. బుడుగు తను చాలా పెద్దవాణ్నయిపోయానని చెప్పుకుంటుంటాడు, వాడు నిజంగా ఎంత ఉన్నాడో బొమ్మ చూపిస్తుంది. మాట ఒకటంటుంటే గీత ఇంకోటి అంటుంది. ఆ రెంటి మధ్య నుంచే నవ్వు పుడుతుంది. బాపు గారు 1933లో నరసాపురంలో పుట్టారు, ఈ ఊళ్లోనే లా చదివారు, ఆంధ్రపత్రికకు బొమ్మలు వేశారు, 2014లో ఇక్కడే కన్నుమూశారు. మద్రాసు తెలుగువాళ్లుగా మనం గర్వపడాల్సిన సంగతి అది.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. మా పనిలో గీయడం సగమే. మిగతా సగం చూడటం. సినిమాలు, పాత పత్రికలు, కామిక్స్, ఫోన్లలో తిరిగే మీమ్‌లు, టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనుషులు, అన్నీ. బయటివాళ్లకు అది కాలక్షేపంలా కనిపిస్తుంది. కాదని గట్టిగా చెప్పడానికే వచ్చాను.

2019 మే నెల గుర్తుందా? ఫేస్‌బుక్‌లో ఒక పేజీవాళ్లు సుత్తి ఫొటో పెట్టి, మీ దేశంలో దీన్ని ఏమంటారని అడిగారు. ఒక తమిళ అభిమాని జవాబు రాస్తూ, పెయింటింగ్ కాంట్రాక్టర్ నేసమణి తల పగలగొట్టింది ఇదేనన్నాడు. నేసమణి అంటే 2001 నాటి ఒక తమిళ సినిమాలో వడివేలు గారు వేసిన పాత్ర. అంతే, ఆ నేసమణి త్వరగా కోలుకోవాలని జనం సరదాగా ప్రార్థనలు మొదలుపెట్టారు. ఆ మాట ప్రపంచమంతటా ట్రెండ్ అయింది. అలాంటి రోజున క్లయింటు ఫోన్ చేసి సాయంత్రానికి బొమ్మ కావాలంటాడు. ఆ సుత్తి ఏమిటో, ఆ మనిషి ఎలా నడుస్తాడో, దెబ్బ తగిలాక మొహం ఎలా పెడతాడో అప్పుడు వెతుక్కుంటే కుదరదు. ముందే మనలో ఉండాలి. బ్రహ్మానందం గారి మొహమూ అంతే. తెలుగు రానివాళ్ల ఫోన్లలో కూడా అది తిరుగుతోంది. చూసేవాళ్ల మనసులో ఒక బొమ్మ అప్పటికే ఉంటుంది. మేం చేసేది దాన్ని కాస్త కదపడం.

నేను ఇక్కడే పెరిగాను. ఇంట్లో చందమామ, వీధిలో తమిళ కామిక్స్. చందమామ 1947 జులైలో ఈ ఊళ్లోనే మొదలైంది. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ గారు 1950ల మొదట్లో అందులో చేరి, దాదాపు 60 ఏళ్లు అక్కడే గీశారు. 2020లో ఆయన పోయారు, మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. బతికుండగా రావాల్సింది. ఇక తమిళంలో శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది. ఇనుపచెయ్యి మాయావి అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకునే హీరో నిజానికి బ్రిటిష్ కామిక్ నుంచి వచ్చినవాడు. జనవరి పుస్తకాల పండక్కి వెళ్లినప్పుడు ఆ స్టాలు చూడండి. జుట్టు నెరిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని నిలబడి ఉంటారు.

అమెరికా హాస్యపత్రిక మ్యాడ్ పాత సంచికలు నాకు లజ్ కార్నర్ పేవ్‌మెంటు మీద దొరికేవి. 1952లో హార్వీ కర్ట్జ్‌మన్ సంపాదకుడిగా మొదలైన పత్రిక అది. సెర్జియో ఆరగోనెస్ 1963 నుంచి దాని మార్జిన్లలో, ఒక్క మాట లేకుండా, చీమంత బొమ్మలు వేసేవాడు. నన్ను కట్టిపడేసింది మాత్రం మోర్ట్ డ్రకర్. 1956లో ఆ పత్రికలో చేరి దశాబ్దాల పాటు సినిమా పేరడీలు గీశాడు. ఇంట్లో వీడియో లేని రోజులవి. హీరో మొహం ఒక పేజీలో పదిసార్లు, పది కోణాల్లో, పది మూడ్స్‌లో రావాలి. స్టిల్ ఫొటోలో ఉన్నది ఒక కోణమే కదా, మిగతావన్నీ అతని తలలోంచి రావాలి. అతని బొమ్మల్లో మొహాలు అందరూ చూస్తారు. మీరు చేతులు చూడండి. కోపం, పిరికితనం, గొప్పలు, అన్నీ వేళ్లలో ఉంటాయి. మన పాత సినిమాల్లో రేలంగి గారినీ రమణారెడ్డి గారినీ సౌండ్ తీసేసి చూడండి, అక్కడా అదే కనిపిస్తుంది. ఆ ఇద్దరినీ గీయమంటే చాలామంది ఒకరిని లావుగా, ఒకరిని సన్నగా గీసి వదిలేస్తారు. రమణారెడ్డి గారి నడుములో ఉన్న విరుపు పట్టుకోకపోతే అది ఎవరో సన్నటి మనిషి అవుతుంది, అంతే.

పోలిక పట్టుకోవడంలో ఒక కిటుకుంది. కొత్తవాళ్లు ముక్కు పెద్దదైతే ఇంకా పెద్దది చేస్తారు. విడి ముక్కుతో పోలిక రాదు. రెండు కళ్లు, ముక్కు, నోరు, తల ఆకారం, ఈ ఐదింటి మధ్య దూరాల్లో ఉంటుంది పోలిక. కళ్లను దగ్గరకు జరిపితే ముక్కును పొడుగు చేయాలి, కళ్లను ఎడం చేస్తే ముక్కును పొట్టి చేయాలి. రిసెప్షన్లలో వచ్చినవాళ్లను అక్కడికక్కడే గీసే పని మేం చాలామందిమి చేస్తాం. మనిషికి ఐదారు నిమిషాలు దొరుకుతాయి. వెనక క్యూ, పక్కన నాదస్వరం, ఎదురుగా ఒక పెద్దావిడ "బాబూ, గడ్డం కింద మడత వెయ్యకు" అంటారు. మొదటి నిమిషం నేను పెన్ను ముట్టుకోను, చూస్తూ కూర్చుంటాను. ఆ నిమిషం వదులుకుంటే తర్వాతి ఐదు నిమిషాలూ వృథా.

ఇక డబ్బు సంగతి. కాలేజీల్లో చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి. ఎన్ని రఫ్‌లు, ఎన్నిసార్లు కరెక్షన్లు, బొమ్మ ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు, మధ్యలో పని ఆపేస్తే ఎంత ఇస్తారు. సగం అడ్వాన్సు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాళ్లే మామూలుగా తొలి హక్కుదారు. కానీ డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు గీయించుకున్నవాళ్లది. క్యారికేచర్లు, అంటే మనిషి పోలికను కాస్త పెంచి గీసే నవ్వు బొమ్మలు, వేసేవాళ్లం ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. హక్కులు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం అనుకుంటుంది. హక్కులన్నీ ఇచ్చేసినా, ఆ బొమ్మ మీరే గీశారని చెప్పుకునే హక్కు మాత్రం మీతోనే ఉంటుంది. కథ కోసం నేనిచ్చిన బొమ్మ ఒకసారి షాపు హోర్డింగ్ మీద కనిపించింది. రాత ఉంది కాబట్టి అడగగలిగాను, డబ్బు వచ్చింది.

బిల్లు ఆలస్యం మనందరి టెన్షన్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేసుకోండి, ఉచితం. అది ఉంటే, రాతపూర్వకంగా ఎంత గడువు పెట్టుకున్నా కొన్నవాళ్లు 45 రోజులు దాటించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఇది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. ఇన్వాయిస్ అడుగున ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు, అకౌంట్స్‌వాళ్ల స్వరం మారుతుంది.

నా కొటేషన్‌లో "రెఫరెన్సు, పరిశోధన" అని ఒక లైను విడిగా ఉంటుంది, దాని ఎదురుగా ఒక మొత్తం ఉంటుంది. సినిమా చూడ్డానికి కూడా డబ్బులా అని కొందరు అడుగుతారు. అవును, పాత సినిమాలో పాత్రలా గీయమన్నప్పుడు ఆ సినిమాను ఆపి ఆపి, ఒక్కో చూపు దగ్గర ఆగి చూడాలి, దానికి ఒక పూట పోతుంది అని చెబుతాను. ఆ లైను తీసేయమంటే తీయను. ఈ ఊళ్లో నాకు పని ఇచ్చే ఒక పబ్లిషరు మొదట్లో దీని మీద చాలా వాదించారు. ఇప్పుడు ఆయనే కావలసిన పాత సంచికల స్కాన్‌లు, స్టిల్స్ వెతికి ముందుగా పంపిస్తున్నారు. అలా వచ్చినప్పుడు నాకు సగం పూట మిగులుతుంది, ఆ మేరకు బిల్లులో తగ్గిస్తాను.